వైద్యుని పేజీ: కొత్త కిడ్నీ, పాత తిత్తి

మన భాషలో ఈ పనికి ఉన్నన్ని మారుపేర్లు మరే పనికీ ఉన్నట్టు లేదు. పెద్దలు లఘుశంక అన్నారు. పల్లెల్లో ఒంటేలు అంటారు. బళ్ళో పిల్లలు మాట లేకుండా చిటికెన వేలు చూపిస్తారు. కాస్త ఇంగ్లీషు వచ్చినవాళ్ళు "పాస్‌కి వెళ్ళొస్తాను" అంటారు. ఈ దేశం వచ్చాక అందరం రెస్ట్‌రూం అంటున్నాం, అక్కడ విశ్రాంతి తీసుకునేదెవరో నాకింతవరకూ తెలియలేదు. ఇన్ని పేర్లు పెట్టుకున్నది మాట్లాడుకోవడానికి కాదు, మాట్లాడకుండా తప్పించుకోవడానికి. ఈ నెల మాత్రం తప్పించుకోవడానికి వీల్లేదు.

కొలెస్టరాల్ గురించి రాస్తానని క్రితం సంచికలో మాట ఇచ్చాను. అది వచ్చే నెలకి వాయిదా వేస్తున్నాను. కారణం మన సభ్యుల్లోనే ఒక కుటుంబం. పేర్లు చెప్పను. రాయమని అడిగింది వాళ్ళే. ఏవి రాయవచ్చో, ఏవి కూడదో కూడా వాళ్ళే చెప్పారు.

రెండేళ్ళ కిందట ఒక రాత్రి పదిగంటలకి ఫోను మోగింది. "డాక్టరుగారూ, ఈ వేళప్పుడు చేశానని ఏమీ అనుకోకండి. నా కిడ్నీ మావాడికి సరిపోతుందన్నారు. ఆఫీసులో ఆరు వారాలు సెలవు పెట్టాను. అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఇప్పుడేమో ఆపరేషన్ వెనక్కి జరిపి, ముందు పిల్లాడి బ్లాడర్ సంగతి తేల్చాలంటున్నారు. పాడయింది కిడ్నీలు కదండీ? మధ్యలో దీనితో పనేమిటి?"

నేను పిల్లల వైద్యుణ్ణే గాని కిడ్నీ నిపుణుణ్ణి కాను. "పెద్ద ఆస్పత్రివాళ్ళు, ఊరికే చెప్పరు లెండి" అని ఆ రాత్రికి సర్దిచెప్పాను. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు పుస్తకాలు దించాను, ఆ విద్యలో ఉన్న మిత్రుడొకాయన్ని అడిగాను. అప్పుడు తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మన ఈడువాళ్ళకి కిడ్నీలు పోయేది చాలావరకు మధుమేహం వల్ల, రక్తపోటు వల్ల. పిల్లల సంగతి వేరు. చిన్నపిల్లల్లో కిడ్నీలు పాడవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పుట్టుకతో వచ్చే లోపాలు. ఆ లోపం కిడ్నీలోనే ఉండవచ్చు, దాని కిందనున్న మూత్రనాళాల్లో ఉండవచ్చు, మూత్రాశయంలో ఉండవచ్చు, బయటికి వచ్చే దారిలో ఉండవచ్చు. కిడ్నీ మార్చినప్పుడు మారేది కిడ్నీ, దాని మూత్రనాళం మాత్రమే. కింద సంచీ పాతదే. ఇంటికి కొత్త కుళాయిలన్నీ బిగించి, మురుక్కాలవలో పూడిక తియ్యకుండా వదిలేస్తే నీళ్ళు ఎటు ఎగదన్నుతాయో వేరే చెప్పక్కరలేదు.

ఈ అబ్బాయి జబ్బు మగపిల్లలకే వస్తుంది. మూత్రాశయం నుంచి బయటికి వచ్చే దారి మొదట్లో పలచని పొర ఒకటి తెరలా అడ్డుపడుతుంది. కవాటాలు అంటారు. అయిదారువేల మంది మగశిశువుల్లో ఒకరికి ఉంటుందని లెక్క. 1919లో బాల్టిమోరులో హ్యూ యంగ్ అనే శస్త్రవైద్యుడు వీటిని మూడు రకాలుగా విభజించి వర్ణించాడు. పొర చాలా చిన్నది. పుట్టిన కొద్దిరోజులకే సన్నని దుర్భిణి గొట్టం పోనిచ్చి కోసేస్తారు, ఆ పని నిమిషాల్లో అయిపోతుంది. మన అబ్బాయికీ అలాగే చేశారు. తల్లిదండ్రులు అక్కడితో గండం గడిచిందనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కాని తల్లి గర్భంలో ఉన్న నెలలన్నీ ఆ మూత్రాశయం మూసిన తలుపుని నెడుతూనే ఉంది. రోజూ దండేలు తీసిన వస్తాదు కండలా దాని గోడ మందమెక్కింది. వస్తాదుకి కండ అందమే గాని మూత్రాశయానికి కాదు. అది మెత్తని తోలుతిత్తిలా ఉండాలి. నింపుతున్నకొద్దీ సాగాలి, సాగుతున్నా లోపల ఒత్తిడి పెరగకూడదు. గోడ గట్టిపడిన తిత్తి సాగదు. కొంచెం నిండగానే ఒత్తిడి పెరిగి, ఆ ఒత్తిడి మూత్రనాళాల గుండా కిడ్నీలమీద పడుతుంది. అబ్బాయి సొంత కిడ్నీలు ఆరేళ్ళపాటు చప్పుడు లేకుండా అలాగే పోయాయి. తలుపు తీసినా తిత్తి గుణం మారలేదు. ఇప్పుడు నాన్న కిడ్నీ తెచ్చి ఆ తిత్తికే కలిపితే దాని గతీ అంతే. డాక్టర్లు భయపడింది అందుకు.

వెన్నుపూస సరిగా మూసుకోకుండా పుట్టిన పిల్లల్లోనూ ఇదే బాధ, దారి వేరు. అక్కడ నరాల ఆజ్ఞలు సరిగా అందక మూత్రాశయం మాట వినదు. 1981లో మెక్‌గ్వైర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అలాంటి పిల్లల్ని పరిశీలించి, లోపలి ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటి ఎత్తు దాటిన తరవాత గాని మూత్రం బయటికి రాని పిల్లలకి పైనున్న కిడ్నీలు దెబ్బతింటాయని చూపించారు. మన కొలతలో మూరెడుకి కాస్త తక్కువ. ఆ మూరెడు నీళ్ళ బరువు రోజూ పడితే కిడ్నీ ఓర్చుకోలేదు.

సరే, పరీక్ష చేశారు. సన్నని గొట్టం ఒకటి మూత్రాశయంలోకి, ఇంకోటి మలద్వారంలోకి పోనిచ్చి, గోరువెచ్చని ఉప్పునీరు నెమ్మదిగా నింపుతూ ఒత్తిడి ఎంతుందో గీతలుగా గీసే యంత్రం అది. నొప్పి పెద్దగా ఉండదంటారు, చెప్పేవాళ్ళకి చెయ్యలేదు కనక. పిల్లవాడు కార్టూను చూస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని తల్లి చెప్పింది. పిల్లల మూత్రాశయం ఎంత పట్టాలో చెప్పడానికి సులువైన లెక్కుంది. వయసుకి రెండు కలిపితే ఎన్ని ఔన్సులో వస్తుంది. ఏడేళ్ళవాడికి తొమ్మిది ఔన్సులు. మనవాడికి మూడు ఔన్సులకే ఒత్తిడి మూరెడు దాటింది. అంతేకాదు, వాడు వెళ్ళివచ్చానన్న తరవాత కూడా సగం లోపలే మిగిలిపోతోంది.

డాక్టర్లు రెండు పనులు చెప్పారు. ఒకటి మందు. ఆక్సీబ్యూటినిన్ అని, మూత్రాశయపు కండని సడలిస్తుంది. నోరు ఎండుతుంది, మలబద్ధం చేస్తుంది, చెమట తగ్గించి ఎండకి తట్టుకోనివ్వదు. అయినా చాలామంది పిల్లలకి బాగా పనిచేస్తుంది. అది సరిపడని పిల్లలకి, నరాల లోపం వల్ల వచ్చిన రకమైతే, మూత్రాశయపు గోడలోకి బొటాక్స్ సూదిమందు ఇవ్వడానికి 2021లో ఇక్కడి ప్రభుత్వం అయిదేళ్ళు దాటినవాళ్ళకి అనుమతినిచ్చింది. మొహం ముడతలకి వాడేదే అది. రెండో పని విన్నాకే ఇంట్లో గొడవ మొదలైంది. రోజుకి నాలుగైదుసార్లు కాథెటర్ అనే సన్నని గొట్టం పోనిచ్చి మూత్రాశయాన్ని పూర్తిగా ఖాళీ చెయ్యాలి. ఆస్పత్రిలో కాదు, ఇంట్లో. నర్సు కాదు, అమ్మ.

నాయనమ్మగారు ఒప్పుకోలేదు. "పసివాడికి అక్కడ గొట్టాలేమిటి బాబూ! మావైపు పల్లేరు కాయల కషాయం ఇస్తారు, కొండపిండాకు పప్పులో వేస్తారు" అని నాకే ఫోను చేశారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది. కాని గోడ గట్టిపడిన తిత్తిని ఏ ఆకూ మెత్తపరచదు. కిడ్నీ మార్చాక ఇలాంటి కషాయాలు అసలే పనికిరావు. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ లాంటి మందుల కొలత రక్తంలో అటూ ఇటూ పోకూడదు. గ్రేప్‌ఫ్రూట్ తినవద్దని ఇక్కడి డాక్టర్లు చెబుతారు. మన పంపరపనస దాని తోబుట్టువేనని చాలామందికి తట్టదు. అదీ కూడదు.

ఈ గొట్టం సంగతిలో ఒక చరిత్ర ఉంది. ఒకప్పుడు కాథెటర్ అంటే ఆపరేషన్ థియేటరంత శుభ్రం కావాలనేవారు. అందుకని ఇంట్లో కుదిరేది కాదు, లోపల శాశ్వతంగా గొట్టం వదిలేసేవాళ్ళు, దానివల్ల చీము పట్టేది. 1972లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్ నుంచి జాక్ లాపిడెస్ అనే ప్రొఫెసరు ఒక మాట అన్నాడు. మూత్రాశయం మితిమీరి ఉబ్బినప్పుడు దాని గోడకి రక్తం సరిగా అందదు, క్రిములు పట్టేది అప్పుడే. కనక వేళకి ఖాళీ చెయ్యడమే ముఖ్యం, సబ్బుతో కడిగిన చేతులు, శుభ్రమైన గొట్టం ఉంటే చాలు, అన్నాడు. తోటివాళ్ళు చాలామంది నమ్మలేదు. తరవాత ప్రపంచమంతా అదే దారి పట్టింది. ఎన్ని వేలమంది పిల్లల కిడ్నీలు ఆ ఒక్క మాటతో నిలబడ్డాయో! ఇంత చవకైన వైద్యం మా వృత్తిలో అరుదు.

కవాటాల పిల్లలతో ఇంకో చిక్కుంది. వెన్ను లోపమున్న పిల్లలకి అక్కడ స్పర్శ తక్కువ, వీళ్ళకి పూర్తిగా ఉంటుంది. గొట్టం పెడితే నొప్పి తెలుస్తుంది, పేచీ పెడతారు. దానికో ఉపాయం 1980లో ఫ్రాన్సులో రూవాన్ పట్టణపు పాల్ మిత్రోఫనాఫ్ కనిపెట్టాడు. ఎందుకూ పనికిరాదనుకునే అపెండిక్స్‌ని విడదీసి, ఒక కొస మూత్రాశయానికి, ఇంకో కొస పొట్టమీదికి కుట్టి, గొట్టానికి కొత్త దారి చేశాడు. బొడ్డులోకి తెరిస్తే బయటికి కనిపించను కూడా కనిపించదు. పిల్లవాడు కూర్చున్నచోటే తనంతట తాను గొట్టం పెట్టుకోవచ్చు. మందుకీ గొట్టానికీ లొంగని తిత్తులకి పేగు ముక్క అతికి పెద్దది చేసే ఆపరేషన్ కూడా ఉంది. అది చివరి మార్గం. పేగు తన గుణం మానుకోదు, జిగురు ఊరుస్తూనే ఉంటుంది, రాళ్ళు తయారవుతాయి, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. రోజూ నీళ్ళతో కడగాలి. వేళ తప్పి నిండితే చిరిగే ప్రమాదం కూడా లేకపోలేదు.

మనవాడికి అంత అవసరం రాలేదు. తల్లి నేర్చుకుంది. మొదటి వారం ఆవిడ చెయ్యి వణికింది. మూడో వారానికి నాయనమ్మగారే వేళ చూసి "అమ్మాయ్, పన్నెండయింది" అని గుర్తుచేసేవారట. నాలుగు నెలలకి మూడు ఔన్సుల తిత్తి ఆరు ఔన్సులకి సాగింది, ఒత్తిడి దిగింది. ఆపరేషన్ జరిగింది. తండ్రి కిడ్నీ కొడుకు పొట్టలో కుడివైపు కింద పెట్టారు. పాతవి తియ్యలేదు, సాధారణంగా తియ్యరు. కొత్త మూత్రనాళాన్ని మూత్రాశయానికి కుట్టినచోట ఊడకుండా, మూసుకుపోకుండా లోపల చిన్న ప్లాస్టిక్ గొట్టం పెట్టి కొన్ని వారాలకి తీసేశారు. తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మార్చిన కిడ్నీకి నరాలు తెగిపోయి ఉంటాయి. మామూలు మనిషికి నాళం మూసుకుపోతే మెలికలు తిరిగే నొప్పి వస్తుంది, వీళ్ళకి ఆ నొప్పి రాదు. అందుకే నొప్పి లేదుకదా అని స్కానింగులు, రక్తపరీక్షలు మానకూడదు. రక్షణమందులు తగ్గించిన శరీరంలో వైరస్‌లు కూడా తలెత్తుతాయి. బీకే అనే వైరస్ 1971లో మొదట బయటపడింది ఇలా కిడ్నీ మార్పించుకున్న రోగి మూత్రంలోనే. ఆ రోగి పేరులోని పొడి అక్షరాలే దానికి పేరయ్యాయి. దానికోసం రక్తం, మూత్రం మధ్యమధ్య చూస్తూ ఉంటారు.

నిన్నటిదాకా డయాలిసిస్ మీద నీళ్ళు గ్లాసు కొలిచి తాగిన పిల్లవాణ్ణి ఇప్పుడు రోజుకి రెండు లీటర్లు తాగమన్నారు. పెద్దవాడి కిడ్నీకి చిన్నవాడి ఒంట్లో నీళ్ళు చాలవు మరి. తాగినదంతా ఆ ఆరు ఔన్సుల సంచీలోకే రావాలి. పగలు రెండు మూడు గంటలకోసారి, దాహం వేసినా వెయ్యకపోయినా నీళ్ళు, వచ్చినట్టు అనిపించినా అనిపించకపోయినా గొట్టం. ఏడాదిన్నర బాగా గడిచింది. క్రియాటినిన్ 0.7 దగ్గర నిలబడింది. మొన్నటి శీతకాలం వచ్చింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ఒక సాయంత్రం తల్లి ఫోను చేసింది. "అన్నయ్యగారూ, వాడికి నూట రెండు జ్వరం. దగ్గు లేదు, జలుబు లేదు. ఏం చెయ్యమంటారు?" ఆ వారం నా క్లినిక్కంతా ఫ్లూ పిల్లలే. "అందరికీ ఉందమ్మా, టైలినాల్ ఇచ్చి పొద్దున చూద్దాం" అన్నాను. దగ్గు లేదు, జలుబు లేదు అని ఆవిడ చెప్పనే చెప్పింది, నేను వినలేదు. కిడ్నీ మార్చిన పిల్లవాడికి జ్వరమంటే గంటల మీద చూడాలి గాని రాత్రి గడవనివ్వకూడదు. అది మూత్రంలో చీము. తెల్లవారేసరికి కొత్త కిడ్నీ మీదున్న పొట్టభాగం తాకనివ్వలేదట. క్రియాటినిన్ 1.4. అయిదు రోజులు సెలైనులో మందులెక్కించాక 0.9కి దిగింది. 0.7కి మళ్ళీ రాలేదు. ఆ తండ్రి నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆయన దగ్గర ఇవ్వడానికి రెండో కిడ్నీ లేదు.

కారణం వెతికితే బడిలో బయటపడింది. మధ్యాహ్నం నర్సు గదికి వెళ్ళి గొట్టం పెట్టుకోవాలి. తోటిపిల్లలు "రోజూ ఎందుకు వెళ్తావు?" అని అడుగుతున్నారని, సెలవులైన దగ్గర్నుంచి మానేశాడు. వెళ్ళక్కరలేకుండా ఉండాలని నీళ్ళు తాగడమూ మానేశాడు. మందు వల్ల మలబద్ధం కూడా తోడయింది, నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కేస్తుంది. మూడూ కలిశాయి. తొమ్మిదేళ్ళవాడు, సిగ్గు మొదలయ్యే వయసు. మనం పెద్దవాళ్ళం ఇన్ని మారుపేర్లు పెట్టుకుని తప్పించుకుంటున్నప్పుడు వాడేం చేస్తాడు?

ఇలాంటి పిల్లల కోసం ఈ దేశంలో 1973 నాటి పునరావాస చట్టంలో 504వ సెక్షనుంది. బడివాళ్ళని అడిగితే రాతపూర్వకంగా ఒక ఏర్పాటు చేస్తారు. నీళ్ళసీసా బల్లమీద ఉంచుకోవచ్చు, చెయ్యి ఎత్తకుండా లేచి వెళ్ళవచ్చు, నర్సు గదిలో తలుపు వేసుకునే స్నానాలగది వాడుకోవచ్చు. మనవాళ్ళు "మాకేదో ప్రత్యేకం కావాలన్నట్టు ఉంటుంది" అని మొహమాటపడి అడగరు. వీళ్ళూ మొదటి ఏడాది అడగలేదు. ఇప్పుడు అడిగారు, వారంలో కాగితం వచ్చింది.

కిడ్నీ మార్పించుకున్న పిల్లలతో ఇండియా వెళ్ళేవాళ్ళకి రెండు ముక్కలు. మందులు, గొట్టాలు చేతిసంచీలో పెట్టుకోండి, సామానులో వెయ్యకండి, అనుకున్న రోజులకి రెట్టింపు తీసుకెళ్ళండి. డాక్టరు ఉత్తరం దగ్గరుంచుకోండి. ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు, నోటితో మింగే టైఫాయిడ్ టీకాతో సహా, వీళ్ళకి సాధారణంగా ఇవ్వరు. బయల్దేరే ముందే అడగండి. పెళ్ళి బస్సులో ఎనిమిది గంటల ప్రయాణానికి ఒప్పుకోకండి. ఎవరేమనుకున్నా సరే, కారు మాట్లాడుకుని రెండు గంటలకోసారి ఆపండి. మే నెల ఎండల్లో ఆక్సీబ్యూటినిన్ వాడే పిల్లల్ని బయట తిప్పకండి.

ఇంత చదివి బెంగపడేవాళ్ళు కూడా ఉంటారు కనక ఇంకోటి చెప్పాలి. మూత్రాశయాన్ని ముందే పరీక్షించి, తరవాత క్రమం తప్పకుండా చూసుకున్న కవాటాల పిల్లల్లో, మార్చిన కిడ్నీ మిగతా పిల్లల కిడ్నీలతో సమానంగా పనిచేస్తున్నట్టు చాలా ఆస్పత్రుల అనుభవం. చీము పట్టడం మాత్రం వీళ్ళకే ఎక్కువ. గొట్టం వాడేవాళ్ళ మూత్రంలో ఎప్పుడూ కొన్ని క్రిములు కనిపిస్తూనే ఉంటాయి. కనిపించిన ప్రతిసారీ మందు వాడితే మందులే పనిచెయ్యకుండా పోతాయి. జ్వరం, నొప్పి, మూత్రం తగ్గడం, క్రియాటినిన్ పెరగడం, వీటిలో ఏదున్నా అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు. ఫోను ముందు మార్పిడి చేసిన ఆస్పత్రికి, నాకు కాదు. ఈ మాట నేను బాగా తెలిసి చెబుతున్నాను.

కిందటి ఉగాది సభలో జరిగింది కొందరికి గుర్తుండవచ్చు. హరికథ మధ్యలో మూడో వరసలోంచి ఓ అబ్బాయి రెండుసార్లు లేచి వెళ్ళాడు. రెండోసారి ఒక పెద్దాయన "కుదురుగా కూర్చోలేవుటయ్యా? మీ నాన్నెవరు?" అని కాస్త గట్టిగానే అడిగారు. అబ్బాయి కూర్చుండిపోయాడు. సభ అయ్యేదాకా లేవలేదు. ఆ పెద్దాయనకి తెలియదు, ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఇంటికి వెళ్ళాక ఆ రాత్రి వాళ్ళ అమ్మ గొట్టం పెడితే పదకొండు ఔన్సులు వచ్చిందట.

ఈసారి సభకి వెనక తలుపు పక్కన నాలుగు కుర్చీలు అట్టే ఉంచమని కార్యవర్గాన్ని అడిగాను, సరేనన్నారు. నర్తకీమణుల అలంకరణకి తీసుకునే చిన్నగదిలో తలుపు గడియపడే స్నానాలగది ఉంది. అది ఈ ఏడు అలంకరణకి ఇవ్వరు. కూచిపూడి పిల్లల తల్లులు కొంచెం సర్దుకోవాలి. కొలెస్టరాల్ వచ్చే నెల.